కొండలెక్కే బండికి కోడి అడ్డం!

ఇసుక దిబ్బలైనా, మోకాలిలోతు బురదైనా లెక్కచేయదు. 1984లో వచ్చిన టయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 శ్రేణి జీపు ఆస్ట్రేలియా గనుల్లో, ఆఫ్రికా పల్లెల్లో నేటికీ నమ్మినబంటే. అమెరికా షోరూముల్లో మాత్రం కనిపించదు. లోపం బండిలో లేదు, అడ్డుపడేది అక్కడి నిబంధనలే!

మొదటి అడ్డంకి వెనక ఓ కోడి కథ ఉంది. 1960ల ఆరంభంలో అమెరికా నుంచి చౌకగా వచ్చిపడుతున్న కోడిమాంసంపై ఐరోపా దేశాలు సుంకం పెంచాయి. అందుకు బదులుగా అమెరికా 1964 నుంచి దిగుమతి చేసుకునే చిన్న ట్రక్కులపై 25 శాతం పన్ను వేసింది. కోళ్ల తగవును జనం మరచిపోయారు. పన్ను మాత్రం పోలేదు. పికప్ బండ్లకు అదో గుదిబండ.

రెండోది... భద్రత, పొగ పరీక్షలు. ముందు సీట్లలో రెండువైపులా ఎయిర్ బ్యాగులు ఉండాలనడంతో ల్యాండ్ రోవర్ డిఫెండర్ 1997 మోడల్ తర్వాత అమెరికా నుంచి తప్పుకుంది. అమ్ముడయ్యే కొద్దిపాటి బండ్ల కోసం డిజైన్ మార్చడం గిట్టుబాటు కాని పని మరి! సరికొత్త రూపంతో 2020లోగానీ తిరిగి రాలేదు.

మరి అభిమానుల మాటేమిటి? ఎదురుచూడటమే! 1988 నాటి చట్టం ప్రకారం పాతికేళ్లు నిండిన విదేశీ బండికి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. అందుకే తుప్పు వదిలించి మరీ పాతవాటిని ఓడల్లో తెప్పించుకుంటారు.

విచిత్రమేమిటంటే... ప్రాణరక్షణ కోసం పెట్టిన నిబంధనే ఎయిర్ బ్యాగులున్న కొత్త బండిని గుమ్మంలో ఆపేసి, అవి లేని ముసలిబండికి తలుపు తీస్తోంది!