విషూచి: కణములోని సంకేతమును చెరపట్టు విషము

విషూచిని మన పూర్వులు వాంతిభేది యనియు, మరిడి యనియు వ్యవహరించిరి. ఉదయమున ఆరోగ్యముగా నుండిన మనిషి సాయంకాలమునకు కన్నుమూయుట చూచి భీతిల్లి, మరిడమ్మకు జాతరలు చేసిరి. ఇంత వేగముగా ప్రాణము తీయు ఈ వ్యాధిలో సూక్ష్మజీవి పేగుగోడను కొరికివేయదు; కణములలో ప్రవేశింపనైన ప్రవేశింపదు. కణము తనలో తాను పంపుకొను సంకేతమును మాత్రము తారుమారు చేయును. అది యెట్లో వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

వ్యాధికారణము కామా ఆకృతిగల సూక్ష్మజీవియని 1884లో రాబర్ట్ కాక్ కలకత్తానుండి ప్రకటించెను. అది మనిషి నెట్లు చంపునో చాలకాలము తేలలేదు. 1959లో కలకత్తా వైద్యశాస్త్రజ్ఞుడు శంభునాథ్ డే, సూక్ష్మజీవులను వడకట్టి తీసివేసిన ద్రవమును మాత్రమే కుందేటి పేగులోనికి ఎక్కింపగా, పేగు నీటితో నిండెను. కీడు చేయునది ఆ జీవి విడుచు విషమని అంతట రుజువయ్యెను.

ఆ విషమునకు రెండు భాగములు కలవు. ఐదు తునుకల వలయ మొకటి పేగుకణపు పైపొరను అంటిపట్టుకొనును. రెండవ భాగము లోనికి పోవును. కణములో మీటవంటి ప్రోటీను ఒకటి కలదు. దానికి జి-ప్రోటీను అని పేరు. వెలుపలినుండి హార్మోను వార్త తెచ్చినప్పుడు అది తెరచుకొని, కొంతసేపటికి తనంత తానే మూసికొనును. విషము దానికొక రసాయనఖండమును తగిలింపగా, ఆ మీట మూసికొను శక్తిని కోల్పోవును. ఇక వార్త తెచ్చువారు లేకున్నను కణములో పిలుపు మ్రోగుచునే యుండును.

మీట తెరచియున్నంతసేపు కణము ఏటీపీ యను పదార్థమునుండి సైక్లిక్ ఏఎంపీ యను సంకేతద్రవ్యమును తయారుచేయును. 1929లో ఏటీపీని కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరగుట మనకు స్మరణీయము. సంకేతద్రవ్యము మితిమీరగా, కణపు క్లోరైడు ద్వారములు తెరచుకొని ఉప్పు పేగులోనికి పారును. ఉప్పు వెంట నీరు పోవును. తీవ్రరోగికి గంటకొక లీటరు వరకు నీరు నష్టము కావచ్చును. రక్తము చిక్కబడి, నాడి అందక, మనిషి నీటికరవుతో మరణించును.

ఇట్టి మోసము విషూచికే పరిమితము కాదు. కోరింతదగ్గు సూక్ష్మజీవి, ఆ సంకేతమును అణచు వేరొక జి-ప్రోటీనును కట్టివేయును. దొమ్మవ్యాధి సూక్ష్మజీవి సైక్లిక్ ఏఎంపీని తయారుచేయు ఎంజైమునే కణములోనికి చొప్పించును.

ఐతే విషూచిలో ఒక మేలు మిగిలియున్నది. కణము చావలేదు, చెడినది ఒక మీట మాత్రమే. చక్కెరను, ఉప్పును జతగా లోనికి తీసికొను ద్వారము చెక్కుచెదరలేదు. ఆ దారిన ఉప్పు లోనికి పోయినచో నీరును తిరిగి వచ్చును. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరమున సిరల కెక్కించు సెలైను కొరవడగా, దిలీప్ మహలనబీస్ చక్కెర, ఉప్పు కలిపిన నీటినే రోగులచే త్రాగించెను. నూటికి ముప్పదివరకు నుండిన మరణములు నాలుగింటికి లోపుగా తగ్గెను.

కాచి చల్లార్చిన లీటరు నీటిలో, అంచుకు సమముగా ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపినచో ఇంటిలోనే ఆ పానీయము సిద్ధమగును. ఉప్పు హెచ్చకుండ జాగ్రత్తపడవలెను. రోగిని వైద్యునివద్దకు చేర్చులోపల దీనిని గుక్కగుక్కగా త్రాగించుచుండవలెను. వాంతి యైనను కొంతసేపాగి మరల త్రాగింపవలెను. విరేచనములైనవానికి నీరు ఈయరాదను పాతమాట ఎందరినో బలిగొన్నది. శత్రువు మూయనీయని తలుపు ఏదో, మరచి విడిచిన తలుపు ఏదో తెలిసినవారికి ఆ మాట వినవలసిన పనిలేదు.