వేరుకాపురమా, వలసా? అనంతపురం మెట్టలో తేనెటీగల గుంపులు

మాఘ, ఫాల్గుణ మాసాల్లో చీనీ తోటల్లో తేనెపెట్టెలు పెట్టుకున్నవారు అడిగే ప్రశ్న దాదాపు ఒకే రకంగా ఉంటుంది: ‘నిన్నటిదాకా పెట్టె నిండా ఉండినాయి. ఈ పొద్దు పదకొండింటికి గుంపుగా లేసిపోయినాయి. ఎందుకు పోయినాయి?’

జవాబు చెప్పే ముందు ఒక ఎదురు ప్రశ్న వేయాలి. పెట్టెలో ఏం మిగిలింది?

మూత తీసి చూడండి. సగానికి సగం ఈగలు లోపలే తిరుగుతున్నాయా, గదుల్లో పిల్లలున్నాయా, పైభాగాన తేనె ఉందా, పట్టు అడుగు అంచున పొడవాటి రాణి గదులు వేలాడుతున్నాయా? అయితే మీ ఈగలు కలిగి ఉండి వేరుకాపురం పెట్టుకున్నాయి. పట్టులో పిల్లలూ తేనే ఏమీ లేక, పొడి మైనం మాత్రం మిగిలిందా? అయితే అవి వలస పోయాయి. అనంతపురం జనానికి ఈ రెండు పోకల మధ్య తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈగల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండింటినీ ఒకే మాటతో ‘పారిపోయినాయి’ అనేస్తాం. మందు తప్పేది అక్కడే. వేరుపడే ఈగలకు చోటు కావాలి, వలసపోయే ఈగలకు తిండీ నీళ్లూ కావాలి. తారుమారు చేస్తే రెండూ చెడతాయి.

కలిగిన కాపురం ఎందుకు విడిపోతుంది?

ఒక పెట్టెలో కూలి ఈగలు ఎన్ని పుట్టినా అది పాత కాపురమే. కాపురం రెండయినప్పుడే తేనెటీగల సంతతి పెరిగినట్టు. కాబట్టి గుంపు లేవడం జబ్బు కాదు, ఈగల మీద మనం చేసిన తప్పూ కాదు. అది వాటి పునరుత్పత్తి.

లోపల జరిగేది ఇది. రాణి ఒంటి నుంచి వచ్చే ఒక వాసన పదార్థం ఈగ నుంచి ఈగకు అందుతూ ‘రాణి ఉంది’ అని అందరికీ తెలుపుతుంది. పూత ముమ్మరమై ఈగలు కిక్కిరిసిపోతే ఆ వాసన అందరికీ సరిగా అందదు. పైగా తెచ్చిన మకరందమంతా గదుల్లో నిండిపోయి, రాణికి గుడ్లు పెట్టే చోటు తగ్గుతుంది. పాలు పట్టాల్సిన పిల్లలు తక్కువై, పడుచు కూలి ఈగలకు పని లేకుండా పోతుంది. అప్పుడు పట్టు అంచున కొత్త రాణుల కోసం గదులు కట్టడం మొదలవుతుంది. పాత రాణికి మేపు తగ్గుతుంది, అది సన్నబడి ఎగరడానికి సిద్ధమవుతుంది. కొత్త రాణి గదికి మూత పడే వేళకు పాత రాణి సగమో అంతకన్నా ఎక్కువో ఈగల్ని వెంటబెట్టుకుని బయటపడుతుంది. ఇల్లు కూతురికి వదిలి తల్లే పోవడం ఈ జాతి పద్ధతి.

తర్వాత ఏడెనిమిది రోజులకు మొదటి కొత్త రాణి బయటికొస్తుంది. పెట్టెలో ఈగలు ఇంకా దండిగా ఉంటే అది కూడా ఒక చిన్న గుంపుతో లేచిపోవచ్చు, దాని తర్వాత మరొకటి. మొదటి గుంపు పోయిందని ఊరుకున్నవారి పెట్టె నెల తిరిగేసరికి నీరసపడి కనిపించడానికి కారణం ఈ పిల్లగుంపులే.

గుంపుల మీద ప్రత్యేకంగా పుస్తకం రాసినవాడు అంటోన్ యాన్షా అనే స్లొవేనియా మనిషి. 1770లో వియన్నాలో మహారాణి మరియా థెరిసా కొలువులో తేనెటీగల పెంపకం బోధించడానికి నియమితుడై, 1771లో ఆ పుస్తకం వెలువరించాడు. మే 20న మనం జరుపుకునే ప్రపంచ తేనెటీగల దినం ఆయన పేరు మీదే. అయితే అక్కడి ఈగలు మంచుకాలమంతా ముడుచుకుని ఉండి, మే, జూన్ నెలల్లో గుంపులు కడతాయి. ఆ క్యాలెండరును మన గోడకు తగిలిస్తే మే నెలకు ఇక్కడ పట్టుకోవడానికి గుంపులే ఉండవు.

మరి ఇక్కడ వసంతం ఎప్పుడు?

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. అందులో సెప్టెంబరుదే పెద్ద వాటా. ఈగల సంవత్సరం ఆ వానతో మొదలవుతుంది. వాన వెనకాల గట్ల మీద రేగు, కలుపు పూలు, ఆ తర్వాత కంది పూత, జొన్న పుప్పొడి. డిసెంబరు నుంచి మామిడి. బెట్టకు పెట్టి నీళ్లిచ్చిన చీనీ చెట్టు జనవరి, ఫిబ్రవరిలో తెల్లగా పూస్తుంది. బోరు కింద డ్రిప్పు పరిచిన చోట కళింగర, కర్బూజ. ఆ వెంటనే సర్కారు తుమ్మ. కంపచెట్టును చేలోకి రానిచ్చినందుకు అందరూ తిట్టుకుంటారు, తిట్టడమూ న్యాయమే. కానీ ఎండిన చెరువులో పూసే ఆ చెట్టు ఎన్నో తేనెపట్లను కాపాడుతోందన్నది కూడా నిజం. మార్చి, ఏప్రిల్‌లో వేప, కానుగ, వాటి వెనక చింత.

పంచాంగంలో వసంతం ఉగాదితో మొదలవుతుంది. ఈగల వసంతం అప్పటికే సగం గడిచిపోయి ఉంటుంది. గుంపుల ఒత్తిడి ఎక్కువగా ఉండేది చీనీ పూత నుంచి వేప పూత వరకు. సెప్టెంబరు వాన మొహం చాటేసిన ఏడాది ఈ లెక్కంతా వెనక్కో ముందుకో జరుగుతుంది, లేదా అసలు గుంపులే లేవవు. కాబట్టి తేదీలు చూసి కాదు, పూత చూసి పెట్టె తెరవాలి.

ఏ ఈగ గురించి మాట్లాడుతున్నాం?

పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాడుబావి గోడ సందుల్లో వరసగా అనేక పట్లు కట్టే మన దేశీ ఈగ గురించి. పెట్టెలో ఒదిగే స్థానిక ఈగ అదే. కంపల్లో ఒకే చిన్న పట్టు కట్టే చిన్న ఈగా, ఎత్తైన చెట్లకూ నీళ్ల ట్యాంకులకూ పెద్ద తుట్టెలు కట్టే కొండ ఈగా చీకటి పెట్టెలో ఇమడవు. 1962లో హిమాచల్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఇటలీ జాతి ఈగ కూడా పెట్టెలదే. 1991-92లో థాయ్ శాక్ బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది దేశీ ఈగలను తుడిచిపెట్టినంత పని చేసింది. ఆ తర్వాతే ఈ ఇటలీ ఈగ ఇటువైపు బాగా వ్యాపించింది. పూత వెంబడి లారీల్లో తిరిగే పెట్టెల్లో ఉండేది ఎక్కువగా ఇదే.

లేచేలోపే ఎలా పసిగట్టాలి?

పూత కాలంలో వారానికొకసారి పెట్టె చూడాలి. వారమే ఎందుకు? దేశీ ఈగ రాణి గుడ్డుగా మూడు రోజులు, పురుగుగా సుమారు ఐదు రోజులు గడిపాక గదికి మూత పడుతుంది. గుంపు లేచేది ఆ వేళకే. వారానికొకసారి చూస్తే ఏ రాణి గదీ మూతపడేదాకా మీ కన్ను తప్పించుకోదు. పదిహేను రోజులకోసారి చూసేవారికి గుంపు లేచిపోయిన సంగతి మాత్రమే తెలుస్తుంది.

ముందు పోతుటీగల గదులు కనిపిస్తాయి. దేశీ ఈగల్లో వాటి మూత మధ్యన సూదిమొనంత చిల్లి ఉంటుంది కాబట్టి పోల్చుకోవడం సులువు. పోతుటీగలు పెరిగాయంటే ఇంట్లో పెళ్లి ఆలోచన ఉన్నట్టే. ఆ తర్వాత పట్టు అంచున చిన్న గిన్నెల్లాంటి గదులు. ఖాళీ గిన్నెలు చూసి కంగారు పడొద్దు, అవి ఊరికే కూడా కడతాయి. గిన్నెలో గుడ్డో, తెల్లటి పాలలో తేలే పురుగో ఉంటేనే నిర్ణయం జరిగిందని అర్థం.

రాణి గదులు తుంచేస్తే సరిపోదా?

చాలామంది చేసేది ఇదే. నా దృష్టిలో ఇది పని పెంచుకోవడమే. కిక్కిరిసిన ఇల్లు కిక్కిరిసినట్టే ఉంటుంది కాబట్టి ఈగలు మళ్లీ గదులు కడతాయి. ఒక్క గది కంట పడకపోయినా గుంపు పోతుంది. అన్ని గదులూ తుంచాక పాత రాణి అప్పటికే వెళ్లిపోయిందని తెలిస్తే ఇంకా ఘోరం, పెట్టెకు రాణే లేకుండా పోతుంది.

రాణి గదులు ఇంకా రాకముందైతే చోటివ్వడమే మందు. పైన తేనె గది చేర్చాలి, పిల్లల గదిలో ఖాళీ చట్రాలు ఇవ్వాలి. గదులు వచ్చేశాక మాత్రం ఈగలు తలపెట్టిన పనిని మనమే ముందుగా చేసిపెట్టాలి. పాత రాణిని, పిల్లలున్న రెండు మూడు చట్రాలతో, వాటిని అంటుకున్న ఈగలతో కలిపి కొత్త పెట్టెలోకి మార్చి దూరంగా పెట్టాలి. పాత చోట పాత పెట్టెలో ఒకటో రెండో మంచి రాణి గదులు ఉంచి మిగతావి తీసేయాలి. ఎక్కువ ఉంచితే పిల్లగుంపులు లేస్తాయి. మేతకు వెళ్లే ఈగలు అలవాటు కొద్దీ పాత చోటికే తిరిగొస్తాయి కాబట్టి కొత్త పెట్టెలో మరికొన్ని ఈగల్ని దులిపి చేర్చాలి, సాయంత్రం పాకం పెట్టాలి. పాత పెట్టెను రెండు మూడు వారాలు కదపకూడదు. కొత్త రాణి జతకట్టడానికి ఎగిరి, తిరిగొచ్చి, గుడ్లు పెట్టడం మొదలెట్టేదాకా ఓపిక పట్టాలి. ఆ రోజుల్లో పక్క తోటలో మందు కొడితే ఏకైక రాణి పోయే ప్రమాదం ఉంది. కళింగర పూవు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆ పూట ఈగలు సరిగా రాకపోతే కాయ వంకర పోతుంది. అందువల్ల మందు సాయంత్రం కొట్టుకోవడం తేనె రైతుకంటే కళింగర రైతుకే ఎక్కువ లాభం. పక్క పొలమాయనతో ఈ మాట పూతకు ముందే చెప్పుకోవాలి.

లేచేసిన గుంపును ఎలా పట్టాలి?

గుంపు మొదట దగ్గర్లోని కొమ్మకు వచ్చి ముద్దలా వేలాడుతుంది. అక్కడ గంటలు ఉండొచ్చు, ఒకటి రెండు రోజులూ ఉండొచ్చు. ఇల్లు వెతికే ఈగలు తొర్రల్నీ సందుల్నీ చూసొచ్చి, ముద్ద మీదే నాట్యం చేసి దిక్కూ దూరమూ చెబుతుంటాయి. 1949లో మ్యూనిక్‌లో మార్టిన్ లిండౌవర్ ఒక గుంపు మీద మసి, ఇటుక దుమ్ము అంటిన ఈగలు నాట్యం చేయడం గమనించాడు. అవి పూలమీంచి కాదు, పొగగొట్టాల్లోంచీ పాడుగోడల్లోంచీ వచ్చిన ఇల్లు చూసే ఈగలని అలా బయటపడింది. నాట్యాలన్నీ ఒకే చోటును చెప్పేదాకా వాదన సాగుతుంది. కుదిరిందా, గుంపు లేస్తుంది. మీకు దొరికే వ్యవధి ఆ వాదన సాగినంత సేపే.

కడుపు నిండా తేనె తాగి బయల్దేరతాయి కాబట్టి గుంపులోని ఈగలు అంతగా కుట్టవు. అయినా ముఖానికి వల వేసుకోవాలి. ముద్ద కింద పెట్టె పట్టి కొమ్మను ఒక్కసారి గట్టిగా దులపాలి. రాణి లోపల పడిందా లేదా అన్నది ఈగలే చెబుతాయి. వాకిట్లో నిలబడి తోక పైకెత్తి రెక్కలు విసురుతుంటే పడినట్టు. మళ్లీ కొమ్మకే చేరుతుంటే రాణి అక్కడే ఉన్నట్టు. చీకటి పడ్డాక పెట్టెను దాని స్థిరమైన చోటికి చేర్చాలి.

పట్టిన గుంపు మర్నాడే వెళ్లిపోయిందనేవాళ్లు చాలామంది. ఖాళీ పెట్టెలో ఆ ఈగలను ఆపేదేముంది? మరో పెట్టె నుంచి మూతపడని పిల్లలున్న చట్రం ఒకటి పెట్టండి. పాలు తాగే పిల్లల్ని వదిలి పోవడానికి ఈగలు అంత తొందరగా ఒప్పుకోవు. కొత్త మైనం కట్టేదాకా కొన్ని సాయంత్రాలు పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం పెట్టాలి. మూలం తెలియని గుంపును మాత్రం మీ పెట్టెలకు దూరంగా ఉంచి కొన్నాళ్లు గమనించండి. మూత పడకముందే పురుగులు తల పైకెత్తి, నీటిసంచుల్లా మారి చనిపోతుంటే అది శాక్ బ్రూడే. ఆ చట్రాలు ఏ పెట్టెలోకీ మార్చకూడదు.

ఏమీ మిగల్చకుండా ఎందుకు పోతాయి?

దేశీ ఈగకు వలస బుద్ధి ఎక్కువ. మేత తగ్గితే రాణి గుడ్లు ఆపేస్తుంది, ఉన్న పిల్లలు పెద్దయ్యేదాకా ఆగి, మిగిలిన తేనె తాగి, అందరూ కలిసి కదిలిపోతాయి. చీమలు ఎక్కినా, మైనపు పురుగు పట్టినా, మనం మాటిమాటికీ మూత తీసినా పోతాయి. అలా బెదిరి పోయినప్పుడు పిల్లల్ని కూడా వదిలేస్తాయి.

ఏప్రిల్, మే ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. పిల్లల గది 34, 35 డిగ్రీల దగ్గర ఉండాలి. దాని కోసం ఈగలు నీళ్లు మోసుకొచ్చి చల్లి రెక్కలతో విసురుకుంటాయి. దగ్గర్లో నీళ్లు లేకపోతే తేనె తెచ్చే ఈగలన్నీ నీళ్ల వేటకే పోతాయి. చెట్టు నీడ, పెట్టె మీద తడి గోనె, గులకరాళ్లు వేసిన వెడల్పాటి నీళ్ల పళ్లెం, స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు. ఎండకాలంలో పెట్టెకు కావాల్సినవి ఇవే.

కొత్తవాళ్లు మోసపోయేది ఎండకాలంలో కాదు, వానాకాలంలో. జులై, ఆగస్టులో జిల్లా అంతా వేరుశనగ పైరుతో పచ్చగా ఉంటుంది. ఇంక దిగులు లేదనుకుని పాకం ఆపేస్తారు. కానీ వేరుశనగ తన పూవులో తానే పరాగం కలుపుకునే పైరు, ఈగకు దాని నుంచి దక్కేది నామమాత్రం. కనుచూపు మేర పచ్చదనం మధ్యలోనే ఈగలు పస్తులుంటాయి. చట్రాల్లో తేనె తూకం చూసి, తగ్గితే సాయంత్రంపూట పాకం పెట్టాల్సిన నెలలు ఇవే.

ఖాళీ అయిన పెట్టెను ఏం చేయాలి?

పాత పట్లను అలాగే వదిలేయకూడదు, కొద్దిరోజుల్లోనే మైనపు పురుగు వాటిని గూళ్లు కట్టి తినేస్తుంది. వైరస్ లక్షణాలు ఏవీ కనిపించని పెట్టె అయితేనే ఆ పట్లను కరిగించి మైనం తీసి, పెట్టె లోపలి గోడలకు కొంచెం రుద్దండి. పాత మైనం వాసన ఇల్లు వెతికే ఈగలకు మంచి గుర్తు. సెప్టెంబరు వాన పడి గట్లు పూసే వేళకు ఆ పెట్టెను నేల నుంచి ఎత్తుగా, నీడలో, చిన్న వాకిలి ఒక్కటే ఉంచి పెట్టండి. పాడుబావుల్లోనో పుట్టల్లోనో ఈగలు తిరిగే చోటైతే ఇంకా మంచిది.