11 అక్షరాల పేరు 15 గడుల్లో పట్టలేదు

మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో దిగే ఇంటర్న్‌లను ఏ పనిలోకి వెళ్తారని అడిగితే సమాధానాలు నాలుగైదు మించవు: ఫుల్‌స్టాక్, డేటా సైన్స్, క్లౌడ్, ఇప్పుడైతే ఏఐ. జనగామ నుంచి వచ్చిన నేనూ ఫుల్‌స్టాక్ అనే చెప్పాను. సీనియర్లు చెప్పింది అదే, అమీర్‌పేట బోర్డుల మీద కనిపించేదీ అదే. తెర మీద తెలుగు అక్షరం సరిగ్గా నిలబడేలా చూడటం ఒక పని అనీ, అందులో ఏళ్ల తరబడి మునిగిపోయేంత లోతు ఉందనీ ఎవరూ చెప్పలేదు.

రాయదుర్గం మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న కంపెనీ మాది. బిల్లులు కట్టే ఒక యాప్‌ని దక్షిణాది భాషల్లోకి తెస్తున్నారు. "నువ్వు పదో తరగతి దాకా తెలుగు మీడియమే కదమ్మా, ఈ టికెట్లు చూడు" అని మా లీడ్ ఒక జాబితా అప్పగించారు. చాలాకాలంగా ఎవరూ ముట్టుకోని ఫిర్యాదులవి.

అందులో మొదటిది: వీరవెంకటసత్యనారాయణ అనే పేరు రసీదు మీద 'వీరవెంకటసత్యనార' అని వస్తోంది. పేరు రాసే చోట 15 అక్షరాల పరిమితి పెట్టారు. మన లెక్కలో ఆ పేరు 11 అక్షరాలే: వీ, ర, వెం, క, ట, స, త్య, నా, రా, య, ణ. మరి ఎందుకు తెగింది? కంప్యూటర్‌కి 'వీ' ఒక అక్షరం కాదు. 'వ' ఒకటి, గుడిదీర్ఘం ఒకటి. 'వెం' దానికి మూడు. 'త్య' కూడా మూడే: త, పొల్లు, య. మొత్తం కూడితే 18. పదిహేనో దగ్గర కత్తి వేసేసరికి 'రా' దీర్ఘం పోగొట్టుకుంది, 'యణ' అసలు మిగల్లేదు. అదే పరిమితి 11 అయి ఉంటే రసీదు మీద 'వీరవెంకటసత్' అని పొల్లుతో ఆగిపోయేది. రసీదు అందుకున్న పెద్దాయనకి ఇదంతా ఏం తెలుస్తుంది? తన పేరు చెడగొట్టారని బాధపడతాడు. ఆ బాధ న్యాయమైనది.

దీని వెనక యూనికోడ్ ఉంది. ప్రపంచంలోని లిపుల్లో ఉన్న గుర్తులకు అంకెలు కేటాయించే ప్రమాణం అది. తెలుగుకి అందులో 128 స్థానాల గది ఉంది. అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు అక్కడ చోటుంది కానీ 'స్త్రీ' అనే నిండు రూపానికి లేదు. అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు అంకెలుగా దాక్కుని ఉంటుంది. చదివేటప్పుడు తవత్తు, రవత్తు కిందికి దిగాలి. అన్నిటికన్నా చివర వచ్చిన గుడిదీర్ఘం వెనక్కి నడిచి మొదటి 'స' తల మీద కూర్చోవాలి. పాత అచ్చాఫీసుల్లో కంపోజిటర్ సీసపు అక్షరాలు ఏరి పేర్చిన పనిని ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడేది హార్ఫ్‌బజ్ అనే ఇంజన్. దాని కోడ్ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. రాత్రిళ్లు హాస్టల్‌లో దాన్ని చదువుతూ కూర్చున్నప్పుడే ఇది నా పని అనిపించింది.

ఈ పని తప్పితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా'లా కనిపించే అక్షరం ఉన్న ఒక సందేశం వస్తే చాలు, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయేవి. తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని పత్రికలు రాశాయి. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే దోషం అక్షరానిది కాదు. మనం మామూలుగా టైప్ చేసే 'జ్ఞా'తో ఏ ఇబ్బందీ లేదు. ఆ సందేశంలో 'ఞ'కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు ఉంది. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరెగావ్‌కర్ దీన్ని విప్పి చూసి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి కూర్పులకే ఫోన్ పడిపోతోందని చూపించారు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది.

మా జాబితాలో ఇంకో ఫిర్యాదు: ఊళ్ల పేర్లలో హైదరాబాద్ దొరకడం లేదు. కళ్ల ముందు కనిపిస్తోంది, వెతికితే మాత్రం లేదంటుంది! 'హై'ని రెండు రకాలుగా దాచవచ్చు. 'హ'కి ఐత్వం ఒకే గుర్తుగా పెట్టొచ్చు. లేదా ఎత్వం పెట్టి, కింది గుర్తును విడిగా చేర్చొచ్చు. తెర మీద రెండూ ఒకటే, అంకెల్లో వేరు. పాత డేటాలోది రెండో రకం, మనం కొట్టేది మొదటిది. అన్నిటినీ ఒకే రూపంలోకి మార్చే పద్ధతిని యూనికోడ్ నిర్వచించింది, దాచే ముందే అలా మార్చుకోవాలి. దానికి తగ్గ మార్పు కోడ్‌లో ఒక్క వరుస.

ఎస్సెమ్మెస్‌లది డబ్బుతో ముడిపడ్డ కథ. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా పరిమితి 70కి పడిపోతుంది, ఆ 70 కూడా కంప్యూటర్ లెక్కలోనే. దాటితే రెండు సందేశాల ఛార్జీ. ఖర్చు పెరుగుతోంది, తెలుగు తీసేద్దామన్న మాట మా దగ్గరా వచ్చింది. నేను వాక్యాలు తీసుకుని కూర్చున్నాను. "మీ చెల్లింపు విజయవంతంగా స్వీకరించబడింది" అన్నదానికి 39 స్థానాలు పట్టాయి. "మీ డబ్బు అందింది" అంటే 16. సందేశాలు తెలుగులోనే ఉండిపోయాయి, చదివేవాళ్లకి అర్థమయ్యేలా కూడా మారాయి.

హైదరాబాద్‌కి ఐటీ కొత్తేమీ కాదు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ కూడా అదే ఏడాదివి. ఆ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికతకు ప్రత్యేక పరిశోధన కేంద్రమే ఉంది. తెలుగు ఏఐ కోసం స్వేచ్ఛ సంస్థ చేసిన ప్రయత్నంలో ఇంజనీరింగ్ విద్యార్థులు కూర్చుని తెలుగు కథల పేజీలు సరిదిద్దారు. ఇంత ఉన్న ఊళ్లో, 'స్త్రీ' ఎలా తయారవుతుందో తెలియకుండానే మన పిల్లలు బీటెక్ పూర్తి చేయడం నాకు మింగుడుపడదు. టెస్టింగ్ ఇచ్చారని దిగులుపడే ఇంటర్న్‌లు చాలామంది ఫోన్ చేస్తుంటారు. వాళ్లతో నేను అనేది ఒకటే: ఆ బగ్ ఎందుకు వచ్చిందో అడుగు దాకా వెళ్లి చూడు తమ్ముడూ, మూసేసి వదిలేయకు.

పాఠకులు చేయగలిగిందీ ఒకటుంది. ఏ యాప్‌లోనైనా మీ పేరు తెగినా, వత్తు సగం కోసుకుపోయి కనిపించినా స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల ఫిర్యాదుల విభాగానికి పంపండి. ఫోన్ మోడల్, యాప్ వెర్షన్, మీరు వాడే కీబోర్డు పేరు, మీ పేరు ఉండాల్సిన సరైన రూపం కూడా రాయండి. ఆ నాలుగు వివరాలుంటే టికెట్ అందుకున్నవాళ్లు తప్పు ఎక్కడుందో త్వరగా పట్టుకోగలుగుతారు.