వర్చువల్ మెషీన్‌లో టైమ్ ఎందుకు తప్పుతుంది?

సర్వర్‌లో టైమ్ తప్పిందన్న సంగతి చాలాసార్లు ‘లాగిన్ అవడం లేదు’ అన్న ఫోన్‌తోనే బయటపడుతుంది. లాగిన్‌లను సరిచూసే కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. ఆథెంటికేటర్ యాప్‌లో కోడ్ 30 సెకన్లకోసారి మారిపోతుంది.

పాత లైనక్స్ కెర్నెళ్లు టైమర్ టిక్కులు లెక్కబెట్టి టైమ్ నడిపేవి. 2.4లో సెకనుకు 100, 2.6 మొదట్లో 1000. సొంత సీపీయూ ఉన్న మెషీన్‌లో ఈ లెక్క చక్కగా నడిచింది. కానీ వర్చువల్ మెషీన్ (వీఎం) చేతిలో సీపీయూ అన్నివేళలా ఉండదు. వీఎంలను నడిపే హైపర్‌వైజర్ దాన్ని పక్క వీఎంకి ఇచ్చినంతసేపు ఈ వీఎం ఆగిపోతుంది, ఆగినట్టు దీనికి తెలియదు. ఆ లోపు రావలసిన టిక్కులు పోతే టైమ్ వెనకబడుతుంది. హైపర్‌వైజర్ వాటిని తర్వాత ఒక్కసారిగా అందిస్తే, అప్పటికే కెర్నెల్ తన అంచనాతో కలుపుకొని ఉంటే, టైమ్ ముందుకు పోతుంది.

ఇప్పటి పద్ధతిలో లెక్కబెట్టే పని లేదు, చదవడమే. లైనక్స్ హైపర్‌వైజర్ అయిన కేవీఎంలో హోస్ట్ ఒక మెమరీ పేజీలో మూడు సంగతులు రాసి పెడుతుంది: సీపీయూ కౌంటర్ విలువ, ఆ క్షణానికి టైమ్, దేనితో గుణించాలో. గెస్ట్, అంటే వీఎం, ఇప్పటి కౌంటర్ చదివి, తేడాను గుణించి, ఆ టైమ్‌కి కలుపుకుంటుంది. పేజీకి ఒక వెర్షన్ నంబరు కూడా ఉంటుంది. అది బేసి సంఖ్య అయితే హోస్ట్ ఇంకా రాస్తోందని అర్థం, గెస్ట్ మళ్లీ చదవాలి. వీఎం వేరే వేగం ఉన్న హోస్ట్‌కి మారినా కొత్త హోస్ట్ కొత్త అంకెలు రాస్తుంది, లెక్క చెడదు. ఎంతో ముచ్చటైన ఏర్పాటు ఇది.

అసలు చిక్కు సస్పెండ్‌తో వస్తుంది. నిద్ర లేచిన వీఎం పాత టైమ్ దగ్గరే మొదలవుతుంది. టైమ్ సర్దే క్రోనీ ఉంది కదా అనుకుంటాం. కానీ చాలా డిస్ట్రిబ్యూషన్లలో దాని సెట్టింగ్ ‘మేక్‌స్టెప్ 1.0 3’. అంటే మొదటి మూడు అప్‌డేట్లలోనే టైమ్‌ని ఒక్కసారిగా మారుస్తుంది. ఆ తర్వాత మెల్లగా, గరిష్ఠంగా పన్నెండో వంతు వేగంతో సర్దుతుంది. 10 నిమిషాల తేడా పోవాలంటే 2 గంటలు. సస్పెండ్ అయ్యే వీఎంలలో ఆ 3 స్థానంలో -1 పెట్టాలి.

ఇంకొకటి, టైమ్ సరిదిద్దే పని ఒక్కరికే అప్పగించండి. వీఎంవేర్ టూల్స్ సింక్, క్రోనీ రెండూ ఆన్‌లో ఉంటే ఒకటి సర్దినదాన్ని ఇంకొకటి చెడగొడుతుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలే ఉంటే మాత్రం వీఎం హార్డ్‌వేర్ గడియారం యూటీసీలో ఉందా, మన టైమ్‌లో ఉందా చూసుకోండి.

మన దేశంలో టైమ్ సరిగ్గా ఉంచడం ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. సిస్టమ్ గడియారాలను ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో గానీ, వాటికి అనుసంధానమైన వాటితో గానీ కలపాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. లాగ్‌లలో టైమ్ పొంతన లేకపోతే దాడి ఏ వరుసలో జరిగిందో తేల్చలేం.

ఒక టెస్ట్ వీఎంని పది నిమిషాలు సస్పెండ్ చేసి లేపండి. ‘క్రోనీసీ ట్రాకింగ్’ కొట్టి తేడా ఎంతుందో చూడండి. ఆ పరీక్ష చేయకుండా వీఎంని ప్రొడక్షన్‌కి పంపకండి.