మీకు తెలుసా? ఒక్కరు తగ్గితే రోడ్డుకు అర్హత లేదు

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నిబంధనల ప్రకారం, మైదాన ప్రాంతంలో 500 మంది ఉన్న పల్లెకు పక్కా రోడ్డు పొందే అర్హత ఉంటుంది. 499 మందే ఉంటే ఉండదు.

2000 డిసెంబరు 25న మొదలైన ఈ పథకంలో కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాలకు ఈ గీత 250 దగ్గరే ఉంది. ఇక్కడ లెక్క రెవెన్యూ గ్రామానిది కాదు, జనం నివసించే ఆవాసానిది. అంటే ఊళ్లో బస్సు ఆగినా, దూరంగా విసిరేసినట్టుండే గూడెం తన తలల లెక్క తానే చూపించుకోవాలి. కాస్త ఊరట ఏమిటంటే, మైదానంలో 500 మీటర్ల పరిధిలోని ఆవాసాలన్నిటి జనాభానూ కలిపి చూపొచ్చు.

చెంచులు, కొండరెడ్లు, కొలాములు వంటి ఆదిమ గిరిజన తెగలకు 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం ఈ హద్దును 100కు దించింది. డోలీ మోతలు ఇంకా ఆగని మన్యంలో ఇది చిన్న మార్పు కాదు.

2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన సడక్ యోజన నాలుగో దశకు ఆధారం 2011 జనాభా లెక్కలు. ఆ తర్వాత పుట్టిన పిల్లలెవరూ ఈ లెక్కలో లేరు.