నది కింద సెల్ మోగాలంటే

హౌరాలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ దిగిన తెలుగు ప్రయాణికుడు మొదట చేసే పని సెల్ తీసి ఇంటికి 'దిగాం' అని చెప్పడం. 2024 మార్చి 15 నుంచి అతడు ఆ స్టేషన్ అడుగునే మెట్రో ఎక్కి, హుగ్లీ నది కిందుగా ఎస్ప్లనేడ్ చేరుకోవచ్చు. నది కింద సొరంగం 520 మీటర్లు. రైలు దాన్ని దాటేందుకు పట్టేది 45 సెకన్లే. అంతసేపు మాట తెగితే కొంపలు మునిగిపోవు కదా అనిపిస్తుంది.

కానీ రైలు మధ్యలో ఆగిపోతే? కోల్‌కతా వాసులకు అది ఊహ కాదు. 2018 డిసెంబర్ 27 సాయంత్రం పాత ఉత్తర-దక్షిణ మార్గంలో రవీంద్ర సదన్, మైదాన్ స్టేషన్ల మధ్య సొరంగంలో ఓ ఏసీ రైలును పొగ కమ్మేసింది. ఊపిరాడని ప్రయాణికులు కిటికీ అద్దాలు పగలగొట్టారు. పలువురు ఆస్పత్రి పాలయ్యారు. డ్రైవర్‌కు కంట్రోల్ రూమ్‌తో మాట్లాడే రేడియో వేరే ఉంటుంది. పెట్టెలో ఇరుక్కున్నవాడికి మాత్రం చేతిలోని సెల్లే దిక్కు.

అయితే సిగ్నల్ అక్కడికి తనంతట తాను రాదు. మట్టి, కాంక్రీటు, పైన నీరు: పైనున్న టవర్ తరంగాలు ఇన్నిటిని దాటలేవు. అందుకే సొరంగాల్లో నెట్‌వర్క్‌ను లోపలే పుట్టించాలి. స్టేషన్లలో యాంటెన్నాలు పెడతారు, లేదా గోడ పొడవునా సన్నని చీలికలున్న కేబుల్ పరుస్తారు. తోట పైపు చిల్లుల్లోంచి నీళ్లు చిమ్మినట్టు సిగ్నల్ దారి పొడవునా బయటికి వస్తుంది. హుగ్లీ కింద 35 మీటర్ల లోతులోనూ తమ ఫోన్లు పనిచేస్తాయని ఎయిర్‌టెల్ 2024 మార్చిలో ప్రకటించింది. హౌరా మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా 4.8 కి.మీ.లో ఉన్న నాలుగు స్టేషన్లలోనూ పరికరాలు అమర్చింది.

నేల మీది సమస్య వేరు. గంటకు 130 కి.మీ. వేగంతో పోయే వందే భారత్ నిమిషానికి రెండు కిలోమీటర్లకు పైగా దాటేస్తుంది. ఫోన్ ఒక టవర్‌ను వదిలి ఇంకోదాన్ని అందుకుంటూనే ఉండాలి, అదీ రైల్లోని వందలాది ఫోన్లన్నీ ఒకేసారి. పైగా రైలు పెట్టె ఉక్కు డబ్బా. మూసి ఉండే ఏసీ కిటికీలు తరంగాలను ఇంకొంత మింగేస్తాయి. టవర్లు వెలిసేది జనమున్న ఊళ్లలో. పట్టాలు పోయేది పొలాల మధ్యగా.

నది దాటగానే వచ్చే స్టేషన్ పేరు మహాకరణ్, అంటే రైటర్స్ బిల్డింగ్. 1995 జులై 31న అప్పటి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ చేసింది ఈ భవనం నుంచే. అప్పుడు సిగ్నల్‌కు అడ్డుగా నది లేదు.