పంటి డాక్టరే పరిశోధకుడైతే

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లలో చాలామందికి పళ్లమీద గోధుమరంగు మచ్చలు. ఎందుకని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు. మెకే వదల్లేదు. దంతవైద్యంలో అప్పటి దిగ్గజం జి.వి. బ్లాక్‌ను ఊరికి రప్పించాడు. తప్పంతా తాగేనీళ్లదేనని అనుమానించాడు. ఆ నీళ్లలో ఉన్నది ఫ్లోరైడ్ అని తేలేసరికి 1931 వచ్చింది. తేల్చింది కూడా డెంటిస్టు కాదు, అల్యూమినియం కంపెనీలో పనిచేసే చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త. అంత తక్కువ మోతాదును పట్టుకునే పద్ధతులు మొదట్లో లేవన్నది నిజమే. అయినా ప్రశ్న డెంటల్ కుర్చీ దగ్గర, జవాబు చెప్పే పరికరం మరెక్కడో ఉండటం వల్ల ఎంత ఆలస్యమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఇదే ఫ్లోరైడ్ పళ్లతో ఆగక ఎముకలనూ వంచేస్తోందని బయటపడింది. నల్గొండ సంగతి మనకు వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్ననూ పరికరాన్నీ ఒకే మనిషి చేతికివ్వాలన్న ఆలోచనకు రూపమే అమెరికాలోని జంట డిగ్రీ కోర్సు. దంతవైద్యంలో డీడీఎస్ లేదా డీఎండీ, దానితోపాటు పీహెచ్‌డీ. మామూలుగా ఏడెనిమిదేళ్లు పడుతుంది. చాలాచోట్ల మొదటి రెండేళ్లు డెంటల్ చదువు, మధ్యలో మూడు నాలుగేళ్లు ల్యాబు, చివర్లో మళ్లీ క్లినిక్.

కాగితం మీద ఇది చక్కగానే కనిపిస్తుంది. బతికేటప్పుడే అతుకులు తెలుస్తాయి. మొదటి రెండేళ్లలో బొమ్మ తలల నోళ్లలో ప్లాస్టిక్ పళ్లను చెక్కడం నేర్చుకుంటారు. తొడుగు (క్రౌన్) కోసం పన్ను అరగదీస్తే మిల్లీమీటరులో పదోవంతులు కూడా లెక్కలోకొస్తాయి. ఆ ఒడుపు చేతికి పట్టుబడుతుండగానే ల్యాబుకు మారిపోవాలి. క్లాసులో పక్కన కూర్చున్నవాళ్లు పేషెంట్లను చూడటం మొదలుపెడతారు, పట్టా పుచ్చుకుంటారు, ప్రాక్టీసులో కుదురుకుంటారు. వీళ్లేమో ఆదివారం పూటా కణాలకు పోషకద్రవం మార్చడానికి ల్యాబుకు పోతుంటారు. నెలల తరబడి ప్రయోగం ఫలించకపోవడం అక్కడ మామూలే. డెంటల్ కాలేజీలో ఎప్పుడూ ముందువరసలో ఉన్న పిల్లలకు ఇది కొత్త దెబ్బ. ఎందుకంటే ఇక్కడ రాత్రంతా చదివినా మార్కులు రావు.

అసలు కష్టం, నా లెక్కలో, తిరిగి రావడం. థీసిస్ ముగించి క్లినిక్‌లో అడుగుపెట్టేసరికి చుట్టూ కొత్త ముఖాలు. వాళ్ల చేయి ఆడుతుంది, వీళ్ల చేయి తుప్పుపట్టి ఉంటుంది. అందుకే కొన్ని కాలేజీలు పరిశోధన ఏళ్లలోనూ వారానికో పూట క్లినిక్‌లో పని చేయనిస్తాయి. ఆ పూట చిన్నదే అయినా దాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఇక డబ్బు. అమెరికాలో డెంటల్ పట్టా తీసుకునేవాళ్ల అప్పు సగటున 3 లక్షల డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పీహెచ్‌డీ ఏళ్లలో సాధారణంగా ఫీజు ఉండదు, స్టైపెండ్ కూడా ఇస్తారు. డెంటల్ ఏళ్ల ఫీజు ఎవరు కడతారన్నది ఒక్కో కాలేజీలో ఒక్కో తీరు. 1948లో పుట్టిన అమెరికా జాతీయ దంత పరిశోధనా సంస్థ ఇలాంటి విద్యార్థుల కోసం ఎఫ్30 అనే ఫెలోషిప్ ఇస్తుంది, కాకపోతే అది అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. ఆ సంస్థను నడిపినవాళ్లలోనూ ఈ రెండు చదువులూ చదివినవాళ్లున్నారు. దంతవైద్యం, పీహెచ్‌డీ రెండూ చేసిన లారెన్స్ తబాక్ దాన్ని నడిపాక, దాని మాతృసంస్థ అయిన జాతీయ ఆరోగ్య సంస్థల సముదాయానికే (ఎన్‌ఐహెచ్) కొంతకాలం తాత్కాలిక డైరెక్టరయ్యారు. 2020లో దంత పరిశోధనా సంస్థ డైరెక్టరైన రీనా డిసౌజా బొంబాయిలో బీడీఎస్ చదివి, హ్యూస్టన్‌లో డీడీఎస్, పీహెచ్‌డీ పూర్తిచేశారు.

మన దగ్గర దారి వేరు. నాలుగేళ్ల చదువూ ఏడాది ఇంటర్న్‌షిప్పూ కలిపి బీడీఎస్, ఆపైన మూడేళ్ల ఎండీఎస్, పరిశోధన ఆ తర్వాతి మాట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీడీఎస్ ముగించి అమెరికా వెళ్లేవాళ్లు అక్కడ ప్రాక్టీసు చేయాలంటే సాధారణంగా మళ్లీ రెండు మూడేళ్లు డెంటల్ స్కూల్లో కూర్చోవాల్సిందే. నేరుగా పీహెచ్‌డీలో చేరితే స్టైపెండ్ వస్తుంది గానీ, ఆ పట్టాతో పేషెంటు నోట్లో చేయిపెట్టే హక్కు రాదు. కన్సల్టెన్సీ బ్రోషర్లు చూసి చాలామంది ఈ తేడాను పట్టించుకోరు.

రెండు డిగ్రీలు పేరు వెనక అందంగా ఉంటాయని చేరాలనుకుంటే ఆ ఏడెనిమిదేళ్లు నిలబడటం కష్టం. పన్ను ఎందుకు పుచ్చింది, చిగుళ్లు ఎందుకు జారాయి అన్న ప్రశ్న నిజంగా నిద్రపట్టనివ్వకపోతే చేరండి. దరఖాస్తు పెట్టేముందు ఆ కాలేజీని రెండు సంగతులు అడగండి: డెంటల్ ఏళ్ల ఫీజు ఎవరు కడతారు, ఇంతకుముందు చేరినవాళ్లలో ఎందరు రెండు పట్టాలూ పూర్తిచేశారు. సూటిగా జవాబు రాకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.